చెవి కొలత

రవికెకు కొలత ఉంది, గాజుకు కొలత ఉంది, కాలి మెట్టెకు కూడా ఉంది. చెవికేం కొలతండీ, కమ్మ పెట్టుకోవడానికి కుట్టించుకుంటే చాలదూ అనుకునే రోజులు పోయాయి. ఇప్పుడు చెవి లోపల మెత్తని ముద్ద నింపి, అచ్చు తీసి, ఆ అచ్చుకు సరిపోయేలా ఇయర్‌ఫోన్లు చేసి ఇస్తున్నారు. ఇన్-ఇయర్ మానిటర్లని వాటి పేరు. ధర వేలల్లో మొదలవుతుంది, లక్ష దాటేవీ ఉన్నాయి. చెవి సుఖం కోసం అంత పొయ్యాలా?

ఇది ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు. మా అక్క కూతురు రోజుకు ఎనిమిది గంటలు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకునే ఉద్యోగం చేస్తుంది. సాయంత్రమయ్యేసరికి "పుండు సలిపినట్టు సలుపుతోంది పిన్నీ" అంటుంది. ఏదైనా కొనే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం నాకో జబ్బు. అందుకని కాస్త వెనక్కి వెళ్ళాను.

ఈ బాధ మొదట పడిందీ ఆడపిల్లలే. 1878లో బోస్టన్ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఎమ్మా నట్ అనే ఆమె తొలి మహిళా ఆపరేటరుగా చేరింది. అంతకు ముందున్న కుర్రాళ్ళు ఫోను చేసినవాళ్ళ మీద నోరు పారేసుకునేవారట, అందుకని ఆడవాళ్ళను పెట్టారు. 1880ల్లో ఆపరేటర్ల కోసం ఎజ్రా గిలిలాండ్ తయారు చేసిన పరికరం భుజాల మీద కాడిలా ఆనేది. దాని బరువు పది పౌన్లకు పైమాటే అంటారు. నాలుగున్నర కిలోలన్నమాట! బియ్యం సంచీ భుజానేసుకుని మర్యాదగా "నంబరు చెప్పండి" అనడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

చెవి సుఖం గురించి ముందుగా ఆలోచించిన మహానుభావుడు ఎర్నెస్ట్ మెర్కాడియే అనే ఫ్రెంచి ఇంజనీరు. 1891లో ఆయన పేటెంటు తీసుకున్న జంట టెలిఫోను చెవిలోనే ఇమిడిపోయేది. బరువు యాభై గ్రాములకు మించదు. చెవికి ఒరుసుకోకుండా రబ్బరు తొడుగు, ఆ తొడుగుతోనే బయటి చప్పుడుకు అడ్డు. నేటి ఇయర్‌ఫోనుకు ఇది ముత్తాతే. అయితే ముత్తాతను ఎవరూ పట్టించుకోలేదు. నాలుగేళ్ళ తర్వాత లండన్‌లో మొదలైన ఎలక్ట్రోఫోను చందాదారులు, ఇంట్లో కూర్చుని నాటకాలూ సంగీతమూ వినడానికి, గడ్డం కింద పిడి పట్టుకునే గొట్టాలతోనే కాలక్షేపం చేశారు.

తర్వాత కథ వంటింట్లో నడిచింది. అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన నథానియేల్ బాల్డ్విన్ తలకు తగిలించుకునే హెడ్‌ఫోన్లు చేసి 1910లో నౌకాదళానికి పంపాడు. వాళ్ళు పరీక్షించి మెచ్చుకుని ఇంకా పంపమన్నారు. తీరా చూస్తే ఆయన ఫ్యాక్టరీ వంటింటి బల్లే, ఒక్కసారికి పది కంటే ఎక్కువ చెయ్యలేనన్నాడు! తల మీద నొక్కుతోందని నావికులు గొణిగితే, పట్టీ తీసేసి తోలు తొడిగిన రెండు తీగలు పెట్టాడు. వాడేవాళ్ళ సణుగుడు విన్న మనిషి గనక నాకు ఆయనంటే అభిమానం.

చెవికి అచ్చు తీసే విద్య సంగీతం కోసం పుట్టలేదు. వినికిడి యంత్రాలు పెట్టుకునేవారి కోసం, పళ్ళ డాక్టర్లు దవడకు అచ్చు తీసే పద్ధతి నుంచి వచ్చింది. తర్వాత అది వేదిక కూడా ఎక్కింది. 1995 నాటి మాట. వాన్ హేలెన్ అనే అమెరికన్ రాక్ బృందంలో డ్రమ్ములు వాయించే అలెక్స్ వాన్ హేలెన్‌కు వేదిక మీది హోరులో ఏమీ సరిగా వినబడేది కాదు. వాళ్ళ సౌండ్ ఇంజనీరు జెర్రీ హార్వీ అతని చెవి అచ్చులోనే చిన్న చిన్న స్పీకర్లు అమర్చి ఇచ్చాడు. బయటి హోరు ఆగిపోయింది గనక లోపలి పాటను పెద్దగా పెట్టుకునే అవసరం తప్పింది. ఇవాళ టీవీ పాటల పోటీల్లో మన పిల్లల చెవుల్లో మెరిసే బిరడాలు ఆ వంశానివే.

ఇక చెవి సంగతి. చెవి కాలువ పొడవు ఇంచుమించు రెండున్నర సెంటీమీటర్లు. తిన్నగా ఉండదు, కాస్త మెలి తిరిగి ఉంటుంది. లోపలి భాగంలో ఎముక మీద పలచటి చర్మం తప్ప మరేమీ లేదు, అందుకే అక్కడ తగిలితే ప్రాణం పోతుంది. దవడ కదిలితే కాలువ ఆకారమూ మారుతుంది. అందుకే పాడేవాళ్ళకు నోరు తెరిచి ఉంచి అచ్చు తీస్తారు. సగటున ఆడవాళ్ళ చెవి కాలువలు మగవాళ్ళవాటి కంటే చిన్నవి. అందువల్ల డబ్బాలోంచి తీసీ తియ్యగానే ఉండే మధ్యరకం రబ్బరు మూతి మనకు నొప్పి పెట్టిందంటే తప్పు మన చెవిది కాదు.

అచ్చు పోసినదైతే బరువు ఒక్కచోట పడకుండా సర్దుకుంటుంది. జారదు, మాటిమాటికీ లోపలికి తొయ్యనక్కర్లేదు. సరే, ఇబ్బందులో? చెవులు మూసేస్తే మన మాట మనకే బావిలోంచి వచ్చినట్టుంటుంది, జంతిక నమిలితే రోట్లో దంచినట్టుంటుంది. అచ్చులో తేడా వస్తే మళ్ళీ చేయించాలి. చాలామంది తయారీదార్లు తొలి రోజుల్లో ఉచితంగానే సరిచేస్తారనుకోండి. మనిషి బాగా చిక్కినా వదులు కావచ్చు. అక్క విడిచిన పరికిణీ చెల్లెలికి కట్టే మన ఇళ్ళలో, ఇది మటుకు చెల్లెలి చెవికి పట్టదు, అమ్ముదామన్నా కొనే నాథుడుండడు.

నన్నడిగితే, వేదిక మీద పాడేవారికీ, అన్ని సైజులూ ప్రయత్నించి విసిగిపోయినవారికీ ఇది దండగ కాదు. రోజుకో అరగంట పాటలు వినేవారికి మాత్రం ఆ డబ్బుతో పట్టుచీర కొనుక్కోమనే చెబుతాను. ఏది పెట్టుకున్నా శబ్దం తగ్గించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటకూడదు. మా అమ్మాయి గంటలు ఇప్పటికే ఆ గీత మీద ఉన్నాయి.

ముందు దానిచేత చెవి డాక్టరుకు చూపించాను. పుండేమీ లేదు, ఒరిపిడేనన్నారు. అన్నిటికంటే చిన్న సైజు స్పాంజి మూతులు కొన్ని వందలు పెట్టి తెప్పించుకుంది. మధ్యమధ్య తీసి చెవులకు కాస్త గాలి తగలనిస్తోంది. నెల చూసి, అప్పటికీ సలుపు తగ్గకపోతే అచ్చు తీయించుకుంటుందట. వాళ్ళ అమ్మ మటుకు ఇప్పటినుంచే ధర అడిగి గుండెలు బాదుకుంటోంది.