నౌకా నిర్మాణ అల్యూమినియం మిశ్రలోహాలు

సముద్రపు ఉప్పునీటిని తట్టుకుంటూ ఓడలు, పడవల నిర్మాణానికి ఉపయోగపడే అల్యూమినియం మిశ్రలోహాలివి. వీటి సాంద్రత ఉక్కులో దాదాపు మూడో వంతే. అందుకే వేగంగా సాగాల్సిన గస్తీ పడవలకు, ఫెర్రీలకు ఇవి అనువైనవి.

రకాలు: నౌక దేహానికి ప్రధానంగా 5000 శ్రేణి రేకులు వాడతారు. ఈ శ్రేణిలోని 5083లో 4.0–4.9 శాతం మెగ్నీషియం, కొద్దిగా మాంగనీసు, క్రోమియం ఉంటాయి. వెల్డింగు తర్వాత కూడా దీని బలం చాలావరకు నిలుస్తుంది. చట్రాలకు 6061, 6082 వాడతారు. అయితే వెల్డింగు వేడికి అతుకు పక్కన వీటి బలం బాగా తగ్గుతుంది. రాగి ఎక్కువగా ఉండే 2024 వంటి విమాన మిశ్రలోహాలు ఉప్పునీటికి పనికిరావు.

రక్షణ: గాలి తగలగానే లోహంపై పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. గీత పడినా అది మళ్లీ పూడుకుంటుంది. ఉప్పులోని క్లోరైడ్లు ఆ పొరను ఛేదించిన చోట మాత్రం గుంటలు పడతాయి.

జాగ్రత్తలు: మెగ్నీషియం 3 శాతం మించిన లోహం 65 డిగ్రీల సెల్సియస్ పైన చాలాకాలం ఉంటే రేణువుల సరిహద్దులు బలహీనపడి పగుళ్లు వస్తాయి. ఉప్పునీటిలో ఉక్కును నేరుగా తాకితే అల్యూమినియమే తరిగిపోతుంది. కాబట్టి రెండింటి మధ్య విద్యుత్ నిరోధక పొర వేస్తారు, నీటిలో మునిగే భాగానికి జింకు దిమ్మెలు బిగిస్తారు. రాగి కలిసిన రంగులు పూయకూడదు.

తెలుగునాట: నౌకా నిర్మాణానికి కేంద్రం విశాఖపట్నం. ఇక్కడి నౌకా నిర్మాణ కేంద్రానికి 1941లో శంకుస్థాపన జరిగింది. 1948లో ఇక్కడ నిర్మించిన ఉక్కు నౌక ‘జల ఉష’ జలప్రవేశం చేసింది. ఒడిశాలోని దామన్‌జోడిలో నాల్కో సంస్థ తయారుచేసే, అల్యూమినియానికి ముడిపదార్థమైన అల్యూమినా విశాఖ రేవు నుంచి ఎగుమతవుతుంది.