చలికి తట్టుకునే హనీసకిల్ పొద: ఏది నాటాలి, ఏది వద్దు

చికాగో లాంటి చలి ఊళ్లలో పెరడున్న ఇళ్లకు హనీసకిల్ మంచి పొదే. కాకపోతే ఆ పేరుతో పిలిచేవన్నీ ఒకటి కాదు.

టాటారియన్ హనీసకిల్ సైబీరియా, మధ్య ఆసియా మొక్క. 18వ శతాబ్దంలో అందం కోసం అమెరికా తెచ్చారు. గడ్డకట్టే చలిలోనూ బతుకుతుంది, 10 అడుగుల దాకా పెరుగుతుంది. మే నెలలో గులాబీ, తెల్ల పూలు, ఆ తర్వాత ఎర్రటి పండ్లు. గొడవంతా ఆ పండ్లతోనే. పక్షులు తిని గింజల్ని అడవిలో వదులుతాయి. ఈ పొద అందరికంటే ముందు చిగురిస్తుంది, ఆలస్యంగా ఆకు రాలుస్తుంది. దాని నీడలో స్థానిక మొక్కలు లేవవు. అందుకే ఇల్లినాయి రాష్ట్రంలో దీని అమ్మకం నిషేధం. పండ్లు చూడ్డానికి ముద్దొస్తాయి గానీ, పిల్లలు తింటే కడుపునొప్పి, వాంతులు రావచ్చు.

పాత ఇల్లు కొన్నవాళ్లు పెరట్లోని పొద కొమ్మ ఒకటి కోసి చూడాలి. మధ్యలో బోలుగా ఉంటే ఈ విదేశీ రకమేనని అనుమానించాలి. పైపైన నరికితే మళ్లీ మొలుస్తుంది, వేరుతో తవ్వాల్సిందే.

దాని బదులు డయర్విల్లా లోనిసెరా నయం. బుష్ హనీసకిల్ అంటారు గానీ అసలు హనీసకిల్ కాదు, ఉత్తర అమెరికా సొంత మొక్క. 3 అడుగులకు మించి పెద్దగా పెరగదు. జూన్, జూలైలో పసుపు పూలు, వాటి మీద తేనెటీగలు. సగం నీడైనా, పొడి నేలైనా సర్దుకుంటుంది. పూలు కొత్త కొమ్మలకే వస్తాయి కాబట్టి చిగురు రాకముందే కత్తిరించాలి. వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది. వాలు నేలలో అది మేలే, మట్టి కొట్టుకుపోదు. చిన్న మడిలో మాత్రం పిలకలు తీస్తూనే ఉండాలి.