40 జీబీ డిస్కు చూడగానే బిగుసుకుపోయిన కంప్యూటర్

చిక్కు ఇదీ. పాత హార్డ్ డిస్క్ పాడైంది, కొత్తది బిగించారు. బిగించాక కంప్యూటర్ లేవడమే మానేసింది. అదే డిస్కును పక్క దుకాణంలో కంప్యూటర్‌కి తగిలిస్తే శుభ్రంగా పనిచేస్తోంది. డిస్కు తీసేస్తే ఈ కంప్యూటరూ ఫ్లాపీతో శుభ్రంగా లేస్తోంది. విడివిడిగా రెండూ మంచివే, కలిపితే మాత్రం కదలవు.

ఇది 2002 వేసవిలో రాయపూర్‌లో జరిగిన ముచ్చట. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమై, ఆ ఊరు రాజధాని అయ్యాక అక్కడ కంప్యూటర్ పని బాగా పెరిగింది. తెలుగువాళ్లు మాత్రం అంతకు చాలాముందే చేరారు. పార్వతీపురం నుంచి రాయపూర్‌కి రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ దారినే ఉత్తరాంధ్ర జనం బతుకుతెరువుకు వెళ్లారు. రైల్వే వ్యాగన్ రిపేర్ షాపు పక్కనున్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో తెలుగు మాట వినబడడం వింతేమీ కాదు. మన కథలోని కంప్యూటర్ కూడా ఒక తెలుగాయన డీటీపీ దుకాణంలోదే. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు, ముహూర్తాల రోజుల్లో ఊపిరాడనన్ని శుభలేఖలు. సరిగ్గా అప్పుడే పాత 4.3 జీబీ డిస్కు టక్కుటక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. అంత చిన్న డిస్కులు కొత్తవి దొరికే రోజులు కావు. 40 జీబీది కొన్నాడు.

బిగించిన కుర్రాడు చూసి "డిస్క్ ఖరాబ్ హై" అన్నాడు. అమ్మినవాళ్లు మార్చి ఇంకొకటి ఇచ్చారు. అదీ అంతే. ఈసారి "మదర్‌బోర్డు పోయింది" అన్నాడు. రిపేరు బజారులో ఈ రెండు తీర్పులూ చాలా చవక. ఒకటి తప్పితే రెండోది సిద్ధంగా ఉంటుంది.

తెర మీద ఏముందో నిదానంగా చదివితే మొదటి ఆధారం అక్కడే ఉంది. పైన ఎడమ మూల "అవార్డ్ మాడ్యులర్ బయోస్ వీ4.51పీజీ". దాని కింద ప్రాసెసర్ పేరు, మెమరీ లెక్క. మెమరీ పూర్తిగా లెక్కపెట్టాక ప్రైమరీ మాస్టర్ డిస్కు కోసం వెతికే వరుస వచ్చింది. అక్కడితో ఆగింది. విండోస్ దాకా సంగతి రానేలేదు. కాబట్టి ఇన్‌స్టలేషన్ సీడీని, పార్టిషన్‌ని అనుమానించడం దండగ. డిస్కు మీద ఏముందో ఇంకా ఎవరూ చదవలేదు.

రెండో ఆధారం కీబోర్డులో దొరికింది. నమ్‌లాక్ నొక్కితే లైటు మారడం లేదు. చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, ఈ కేసులో నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం ఇదే. డిస్కు జవాబివ్వకపోతే బయోస్, అంటే స్విచ్ వేయగానే మొదట నడిచే ప్రోగ్రాం, కాసేపు ఎదురుచూసి, హార్డ్ డిస్క్ ఫెయిల్ అని రాసి ముందుకు పోతుంది. ఎదురుచూస్తున్నంతసేపూ నమ్‌లాక్ లైటు వెలుగుతూ ఆరుతూనే ఉంటుంది. ఇక్కడ లైటు చచ్చింది. అంటే ప్రాసెసరే ఎక్కడో ఇరుక్కుంది. డిస్కు మౌనంగా ఉందని కాదు, అది చెప్పిన జవాబే బయోస్‌కి మింగుడుపడలేదని అనుమానించాలి.

అనుమానమే రుజువు కాదు కదా. కేబుల్ చూశారు. ఎర్ర అంచు పవర్ సాకెట్ వైపుకే ఉంది, తిరగబడలేదు. మాస్టర్, స్లేవ్ జంపర్లు సరిగానే ఉన్నాయి. సీడీ డ్రైవ్ ఊడదీసినా ఫలితం మారలేదు. ఆ తర్వాత బయోస్ సెటప్‌లోకి వెళ్లి, ప్రైమరీ మాస్టర్ ఎదురుగా ఉన్న "ఆటో"ని "నన్" చేశారు. డిస్కు లోపలే ఉంది, కరెంటు అందుతోంది, తిరుగుతోంది. అయినా కంప్యూటర్ ఫ్లాపీతో లేచింది! మళ్లీ "ఆటో" పెడితే బిగుసుకుంది. డిస్కు ఉండడం వల్ల ఇబ్బంది లేదు, నీ కొలతెంత అని దాన్ని అడిగినప్పుడే ఇబ్బంది.

ఎక్కడో పాతది 20 జీబీ డిస్కు దొరికితే తెచ్చి తగిలించారు. వెంటనే గుర్తుపట్టింది. మదర్‌బోర్డు పోయిందన్న తీర్పు అక్కడితో కొట్టుకుపోయింది. 20 జీబీ నడుస్తోంది, 40 జీబీ ఆగుతోంది. గీత ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంది.

ఎక్కడ? 40 జీబీ డిస్కు మీది లేబుల్ చూడబోతే అది ఇంకా గందరగోళం చేసింది. సిలిండర్లు 16,383, హెడ్లు 16, సెక్టార్లు 63 అని ఉంది. ఈ మూడింటినీ, ఒక్కో సెక్టారుకు 512 బైట్లనూ గుణిస్తే 8.4 జీబీయే వస్తుంది. 40 జీబీ డిస్కుకి 8.4 లెక్కా? తప్పుడు ఆధారమంటే ఇదే. 8.4 జీబీ దాటిన ఐడీఈ డిస్కులన్నీ ఆ పాత పద్ధతిలో ఇవే అంకెలు చెప్పాలని ఒప్పందం. అసలు అంకె పక్కనే చిన్న అక్షరాల్లో ఉంది: మొత్తం సెక్టార్లు 7,81,65,360.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ డిస్కుతో వచ్చింది. డిస్కు మీద ఒక చోటును సిలిండర్, హెడ్, సెక్టార్ అనే మూడంకెలతో చెప్పేవాళ్లు. బయోస్ వాటికి 10, 8, 6 బిట్లు కేటాయించింది. డిస్కు వైపు ఐడీఈ ప్రమాణమేమో 16, 4, 8 బిట్లు కేటాయించింది. ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు. ఒకే దారిలో వేర్వేరు కొలతలతో రెండు గుమ్మాలు కడితే, రెంటిలోనూ పట్టే మంచమే లోపలికి పోతుంది. అలా మిగిలింది 10, 4, 6. అంటే 1,024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు. వెరసి 528 ఎంబీ. 1990ల నడుమ ఎన్నో కంప్యూటర్లు ఆ గీత దగ్గర ఆగాయి. హెడ్ల అంకెను తెలివిగా పెంచి చూపి ఆ గీత దాటితే, తర్వాతది 8.4 జీబీ దగ్గర ఎదురైంది. (హెడ్లు 256 దాకా చెప్పొచ్చు గానీ 255తోనే ఆగేవారు. 256 అంటే డాస్ తట్టుకోలేదు.)

మన అవార్డ్ బయోస్ ఈ రెండు గీతలూ దాటినదే. డిస్కుని మొత్తం సెక్టార్లెన్ని అని అడుగుతుంది. తెరమీద చూపడానికి దాన్ని 16 హెడ్లు, 63 సెక్టార్ల లెక్కన, అంటే 1,008తో భాగించి సిలిండర్లు తేలుస్తుంది. మన డిస్కుకి ఆ భాగహారం చేయండి. శేషం లేకుండా 77,545 వస్తుంది. ఆ జవాబుకి బయోస్ ఉంచిన చోటు 16 బిట్లే, వాటిలో పట్టే అతిపెద్ద అంకె 65,535. అక్కడుంది గీత. 65,535 సిలిండర్లను బైట్లలోకి మారిస్తే 33.8 జీబీ. 20కి పైన, 40కి కింద.

బిగుసుకుపోవడం ఎందుకు, తప్పు అంకె చూపించి ఊరుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఇంటెల్ వంశపు ప్రాసెసర్లలో 16 బిట్ల భాగహారానికి ఒక నియమం ఉంది. జవాబు 16 బిట్లలో పట్టకపోతే ప్రాసెసర్ తప్పు జవాబివ్వదు, పని ఆపి భాగహార దోషమని కేకేస్తుంది. కంప్యూటర్ లేచే ఆ తొలి క్షణాల్లో ఆ కేక విని సర్దుకునే ఏర్పాటు లేకపోతే అక్కడే కూలబడుతుంది. నమ్‌లాక్ లైటు చావడం దీనికి సరిగ్గా అతుకుతుంది.

చివరి ఆధారం మొదటినుంచీ కళ్లముందే ఉంది. మెమరీ లెక్కపెడుతుండగా పాజ్ కీ నొక్కి నిలిపితే, తెర అట్టడుగు వరుసలో అంకెలు, అక్షరాలు కలిసిన పొడుగాటి పేరు కనబడుతుంది. దాని మొదట్లో ఉండేది బయోస్ తేదీ. ఇక్కడ 1998. ఈ 33.8 జీబీ జబ్బు 1999కి ముందు నాటి అవార్డ్ బయోస్‌లలో చాలావాటికి ఉండేది.

మందులు రెండు. బోర్డు తయారుచేసినవాళ్ల దగ్గర కొత్త బయోస్ తెచ్చి ఫ్లాపీతో ఎక్కించడం ఒకటి. అసలైన మందు అదే. కానీ ఎక్కిస్తున్న నడుమ కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోతుంది. మే నెల రాయపూర్‌లో, యూపీఎస్ లేని దుకాణంలో ఆ పందెం కాయమని నేనైతే చెప్పను. రెండోది డిస్కు తయారీదారులే పెట్టిన దారి. డిస్కు వెనక పిన్నుల మీద జంపర్‌ను ఒక చోట బిగిస్తే, అది తన సామర్థ్యాన్ని సుమారు 32 జీబీగానే చెప్పుకుంటుంది. ఏ పిన్నులన్నది డిస్కు డిస్కుకీ మారుతుంది, లేబుల్ మీది బొమ్మే ప్రమాణం. చిమటాతో జంపర్ మార్చి స్విచ్ వేశారు. మాస్టర్ డిస్కు పేరు తెరమీద పడింది. కొన్ని జీబీలు వదులుకోవాల్సి వచ్చింది. 4.3 జీబీతో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చిన మనిషికి అదో లెక్కా? ఆ సాయంత్రానికి విండోస్ 98 ఎక్కింది, సీడీలో దాచుకున్న ఫాంట్లూ ఎక్కాయి.

గీతలు అక్కడితో అయిపోలేదు. 28 బిట్ల చిరునామాల వల్ల 137 జీబీ దగ్గర ఇంకోటి వచ్చింది. దాన్ని దాటడానికి 48 బిట్లు కావలసి వచ్చాయి. విండోస్ ఎక్స్‌పీకి ఆ సంగతి 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1తో గానీ సరిగా తెలియలేదు. ఆ తర్వాత డిస్కు భాగాలను రాసుకునే 32 బిట్ల ఎంబీఆర్ పట్టిక 2.2 టీబీ దగ్గర ఆపింది. దాన్ని దాటడానికి జీపీటీ అనే కొత్త పట్టిక, బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ పనికొచ్చాయి. ఇప్పుడు హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసుకున్నవాళ్లకు కంప్యూటర్ లేవకపోతే, చాలాసార్లు కారణం డిస్కు మీది పట్టికకీ, సెటప్‌లో పెట్టిన పద్ధతికీ పొత్తు కుదరకపోవడమే. పాత డిస్కు ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే దాని నకలూ అంతే ఉంటుంది. సెటప్‌లో యూఈఎఫ్ఐ ఒక్కటే పెట్టి ఉంటే అది దొరకదు. లేదా సెటప్‌లో డిస్కుతో మాట్లాడే తీరు (సాటా మోడ్) రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మారిపోయి, విండోస్ నీలితెర వేసి కూర్చుంటుంది. మోడ్‌ను మునుపటి స్థితికి తెస్తే లేస్తుంది.

మీ కంప్యూటర్ ఇలా మొండికేస్తే, కొత్త డిస్కు వాపసు ఇచ్చేముందు అది ఏ వరుస దగ్గర ఆగిందో ఫోనుతో ఫొటో తీయండి. బయోస్ తేదీ రాసుకోండి. సెటప్‌లో ఏది మార్చినా ముందున్నదేమిటో కాగితం మీద పెట్టండి. పాత డిస్కు ఇంకా చదవగలిగే స్థితిలో ఉంటే, కొత్తది కొన్నాళ్లు సవ్యంగా నడిచేదాకా దాన్ని ఫార్మాట్ చేయనివ్వకండి.