రాత్రి చొక్కాకు 19 అంగుళాలు

అమెరికాకు వెళ్ళే ఏడాది పాప రాత్రి చొక్కా ఛాతీ కొలత 19 అంగుళాలు దాటకూడదు. చెకింగ్ టేబుల్ మీద పీసు పరిచి చంక నుంచి చంకకు టేపు పెడితే తొమ్మిదిన్నర. రెండింతలు చేస్తే లెక్క సరి. నడుముకూ 19, పిరుదులకూ 19. ఆ వయసు పిల్లకు నడుమెక్కడిది, అంతా ఒకటే కదా! మామూలు బట్టల్లో కొలత కాస్త అటూ ఇటూ అయినా బయ్యరు ఒప్పుకుంటాడు. వీటిలో తగ్గితే పరవాలేదు గానీ పెరిగితే పీసు పక్కకు పోవాల్సిందే. మా హిందూపురం వైపు నుంచి గార్మెంట్స్‌లో చేరిన ప్రతి అమ్మాయీ మొదట్లో ఇది బయ్యరు చాదస్తం అనుకుంటుంది. చాదస్తం కాదు, చట్టం. ఆ చట్టం పుట్టింది నిప్పు వల్ల.

1940లలో అమెరికాలో నూగు తేలిన రేయాన్ స్వెటర్లు, పిల్లల కౌబాయ్ దుస్తులు నిప్పురవ్వ తగిలితే చాలు భగ్గుమనేవి. 1953లో మండే బట్టల మీద చట్టం తెచ్చారు. మరీ ప్రమాదమైన గుడ్డలకే అది అడ్డుకట్ట వేసింది. పిల్లల రాత్రి బట్టలకు విడిగా నిబంధన రాసింది 1971లో, అమలు మొదలైంది 1972లో. గుడ్డ ముక్కను నిలువుగా వేలాడదీసి, కింది అంచుకు 3 సెకన్లు మంట చూపిస్తారు. ఐదు ముక్కలు కాలిస్తే, కాలిన పొడవు సగటున 7 అంగుళాలు మించకూడదు. 50 ఉతుకుల తర్వాత కూడా అంతే.

వట్టి కాటన్ ఈ పరీక్షకు ఆగదు. అందుకని మిల్లులు పాలిస్టర్ వైపు తిరిగాయి, దానికి ట్రిస్ అనే మందు పట్టించాయి. బట్ట బరువులో ఇంచుమించు 5 శాతం మందే. పసిపిల్లలు నిద్రలో ఏం చేస్తారో తల్లులకు చెప్పాలా? చొక్కా చేతిని నోట్లో పెట్టుకుని చప్పరిస్తారు.

బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఏమ్స్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, ఏదైనా రసాయనం జన్యువులను చెడగొడుతుందో లేదో బాక్టీరియా మీద తేల్చే పరీక్ష కనిపెట్టాడు. ఆయనతో కలిసి ఆర్లీన్ బ్లమ్ అనే ఆవిడ ఈ ట్రిస్ సంగతి చూసింది. (1978లో ఆడవాళ్ళ బృందాన్ని అన్నపూర్ణ శిఖరానికి నడిపించింది కూడా ఈవిడే. కొందరికి ఒక కొండ చాలదు.) ట్రిస్ జన్యువులను దెబ్బతీస్తుందనీ, క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉందనీ 1977 జనవరిలో సైన్స్ పత్రికలో రాశారు. ఏప్రిల్‌లో దాన్ని నిషేధించారు. మరుసటి ఏడు, ఆ బట్టలు వేసుకున్న పిల్లల మూత్రంలో ట్రిస్ తాలూకు పదార్థం కనిపించిందని ఇంకో వ్యాసం వచ్చింది. నిషేధం నాటికి అమ్ముడుపోని సరుకు కొంత వేరే దేశాలకు తోలేశారు. ఎగుమతిని కూడా ఆపింది 1978లో. తమ పిల్లలకు పనికిరాదన్నది పరాయి పిల్లలకు పనికొస్తుందని ఆ ఏడాది పాటు ఎవరెలా అనుకోగలిగారో!

1996లో కాటన్‌కు మళ్ళీ తలుపు తెరిచారు, ఈసారి కటింగ్ దగ్గర షరతు పెట్టి. వదులు గౌను అంచు ఊగి మంటలో పడుతుంది. గుడ్డకు రెండు వైపులా గాలి ఉంటుంది కాబట్టి ఎగబాకి మండుతుంది. ఒంటికి అతుక్కుంటే గాలీ తక్కువ, ఊగడమూ లేదు. అందుకే మా టేపు ఛాతీ, నడుము, పిరుదులు, జబ్బ, తొడ, మణికట్టు, చీలమండ అన్నిటి దగ్గరా ఆగుతుంది. లేసైనా రిబ్బనైనా బట్ట మీద నుంచి పావు అంగుళం కన్నా పైకి లేవకూడదు. బిగుతుగానే వేయాలని చెప్పే మెడ లేబుల్, పసుపుపచ్చ ట్యాగు తప్పనిసరి. తొమ్మిది నెలలు, అంతకన్నా చిన్న సైజులకు మాత్రం ఈ బిగుతు అక్కర్లేదు. అంత పసివాళ్ళు తమంతట తాము నిప్పు దగ్గరికి పోలేరు గదా.

మా అమ్మ ఒక పీసు చేతిలోకి తీసుకుని, "ఏమే, బిడ్డకు ఊపిరాడుతుందా ఇందులో?" అంది. ఆమె మమ్మల్ని పెంచింది తాళ్ళ జుబ్బాల్లో. పాత చీర కొంగు కత్తిరించి కుట్టినవి, గాలి ఆడేవి. మా ఎండలకు అదే న్యాయం. పసిబిడ్డలు నిద్రలో హఠాత్తుగా చనిపోకుండా ఇంగ్లండ్‌లో 1991లో, అమెరికాలో 1994లో ప్రచారాలు మొదలయ్యాయి: పసిబిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి అన్నది వాటిలో ముఖ్యమైన మాట. ఒళ్ళు మరీ వేడెక్కనివ్వొద్దన్న హెచ్చరిక కూడా ఇంగ్లండ్ వాళ్ళు అప్పుడే చేర్చారు. ఉక్క గురించి అమ్మ భయం ఉత్తది కాదు. అయితే మేం కుట్టేది పలచని నిట్ కాటన్, సాగుతుంది, ఊపిరికి అడ్డం రాదు. అమ్మకు సాగదీసి చూపిస్తే గానీ నమ్మలేదు.

మిగిలిన సరుకు మా ఊళ్ళో ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ అంగళ్ళకు వస్తుంది. అంగడాయన పసుపుపచ్చ ట్యాగు ముందే కత్తిరించేస్తాడు. కొనేవాళ్ళు ఏడాది సైజు పిల్లకు పట్టి చూసి, సైజు తప్పు రాశారనుకుంటారు. పెరిగే పిల్ల కదా అని రెండేళ్ళ సైజు పట్టుకుపోతారు.