మన్యపు నేరవిచారణ పత్రములు: వాని జాడ

గత సంవత్సరము మా శాఖలో పరిశోధన చేయుచున్న విద్యార్థి యొకరు 1922 నాటి మన్యపు పితూరీకి సంబంధించిన న్యాయస్థాన పత్రములను వెదకుటకై ఒక జిల్లా కేంద్రమునకు పోయిరి. పది దినములు రికార్డుగదిలో దుమ్ము మ్రింగి, రిక్తహస్తములతో తిరిగివచ్చిరి. చింతపల్లి కేసు కాగితములు నశించినవని తమ సిద్ధాంతవ్యాసమున వ్రాయ సంకల్పించి మా సమ్మతి నడిగిరి. నశించియుండవచ్చును. కాని వారు వెదకినది జిల్లా సెషన్సు న్యాయస్థానపు గది. ఏజన్సీ ప్రాంతపు నేరములు విచారించు అధికారము ఆ న్యాయస్థానమునకు ఆనాడు లేదు. ఎన్నడును చేరని కాగితము అచ్చట దొరకకపోవుటలో ఆశ్చర్యమేమి కలదు? లేని చోట వెదకి లేదనుట వేరు, ఉండవలసిన చోట వెదకి లేదనుట వేరు. మొదటిదానిని రెండవదిగా భ్రమించి వ్రాసిన వాక్యములు మన సిద్ధాంతవ్యాసములలో తక్కువేమియు కావు. అందుచే ఈ విషయమును కొంత విపులముగా చర్చింప దలచితిమి.

ఊరికి మునిసిపాలిటీ లేదు, కోర్టు లేదు, పెక్కుచోట్ల పోలీసు ఠాణా కూడ లేదు. అట్టి ఊర జరిగిన ఘోరనేరముయొక్క కాగితము ఎచ్చట నుండును? ఈ ప్రశ్న మన దేశమునకే పరిమితమైనది కాదు. అమెరికాలో పురపాలక ప్రతిపత్తి లేని పల్లెల పోలీసు కాగితములు సామాన్యముగా కౌంటీ షెరీఫు కచేరీలోను, విచారణ పత్రములు ఆ కౌంటీకి సంబంధించిన న్యాయస్థానమునందును ఉండును. అచ్చటి పరిశోధకులు ఊరి పేరుకంటె ముందు కౌంటీ పేరు విచారింతురు. అదియైనను ఒక్కొక్కప్పుడు చాలదు. న్యూమెక్సికోలోని లింకన్ గ్రామమున 1878లో షెరీఫు బ్రేడీ హతుడయ్యెను. ఆ హత్యకై బిల్లీ ది కిడ్ అను పేర ప్రసిద్ధుడైన యువకుని 1881లో విచారించినది మరియొక కౌంటీలోని మెసిల్లాలో. నేరము జరిగిన చోటును విచారణ జరిగిన చోటును ఒకటి కానక్కరలేదని దీనివలన తెలియును. మన మన్యమునకు మరియొక చిక్కు కూడ కలదు. అచ్చట సరిహద్దులే నిలుకడగా నుండలేదు.

1830 తరువాత గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములలో అలజడులు చెలరేగినవి. గుంసూరు యుద్ధములు వానిలో పెద్దవి. ప్రత్యేక కమీషనరుగా వచ్చిన జార్జి రస్సెల్, మైదానములకై చేసిన శాసనములు కొండలకు పనికిరావని నిశ్చయించెను. దాని ఫలితమే 1839వ సంవత్సరపు 24వ చట్టము. ఈ చట్టము ఆ ప్రాంతములను సామాన్య న్యాయస్థానముల అధికారమునుండి తప్పించి, సివిలు క్రిమినలు వ్యవహారములను రెంటిని కలెక్టరు చేతిలో పెట్టెను. ఆ హోదాలో కలెక్టరునకు గవర్నరు ఏజంటు అని పేరు. ఏజన్సీ అను మాట పుట్టినది ఇచ్చటనే. పన్ను వసూలు చేయువాడును, శాంతిభద్రతలకు బాధ్యుడును, సెషన్సు న్యాయాధిపతియు ఒక్కడే అయ్యెను. కావున ఏజన్సీలోని హత్యకేసు జాడ న్యాయస్థానపు గదిలోకంటె రెవెన్యూ కచేరీ కట్టలలో దొరకుట సహజము. పన్నుబకాయి ప్రక్కన ప్రాణహత్య, అడవికలప వేలముప్రక్కన ఉరిశిక్ష కనబడినను విద్యార్థి తొట్రుపడరాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. మద్రాసు జిల్లా పోలీసు చట్టము కూడ 24వ చట్టమే, కాని అది 1859వ సంవత్సరపుది. పాత ఉత్తరువులలో సంవత్సరము విడిచి 24వ చట్టము అని మాత్రమే వ్రాసినచోట, అది ఏజంటు అధికారమునకు సంబంధించినదో పోలీసు నిర్మాణమునకు సంబంధించినదో సందర్భమును బట్టి నిర్ణయించుకొనవలెను. ఈ పొరపాటు మేమును ఒకమారు చేసితిమి.

రంప విషయము మరింత చిక్కైనది. గోదావరి జిల్లాలోని ఈ కొండప్రాంతము మన్‌సబుదారు ఏలుబడిలో నుండెను. వాని క్రింద ముఠాదారులు. కల్లుపై చిగురుపన్ను, ప్రభుత్వపు నూతన ఆబ్కారీ నిబంధనలు, కౌలుదారుల దౌర్జన్యము కలిసి 1879 మార్చిలో తిరుగుబాటుకు దారితీసినవని యందరు నెరుగుదురు. సలివాను చేసిన విచారణలోను, 1907లో వెలువడిన హెమింగ్‌వే గోదావరి గెజిటీరులోను మరియొక కారణము కనబడును. మా దృష్టిలో పత్రాన్వేషకునకు అన్నిటికంటె ముఖ్యమైనది అదియే. మైదానపు వర్తకులు కొండవారిచే అన్యాయపు ఒప్పందములు చేయించుకొని, మైదానపు న్యాయస్థానములలో దావాలు వేసిరి. కొండవాడు దిగివచ్చి వాదించుకొనలేదు. ఏకపక్షముగా డిక్రీలు పుట్టెను. డిక్రీ చేతపట్టుకొని వర్తకుడు కొండయెక్కి పశువులను ధాన్యమును జప్తుచేసెను. కొండవాని కంటికి పోలీసువాడు ఆ వర్తకుని వెనుక నడచువాడుగానే కనబడెను. ఠాణాలపై దాడి జరిగినదన్న, అడ్డతీగల ఠాణాను చెంద్రయ్య తగులబెట్టెనన్న, దాని మూలమును క్రిమినలు కాగితములలో మాత్రమే వెదకినచో దొరకదు. అది కొంతవరకు సివిలు డిక్రీల రిజిష్టరులో నున్నది. నేరముయొక్క కాగితము ఏజంటు కచేరీలో, నేరకారణముయొక్క కాగితము మైదానపు కోర్టులో!

తిరుగుబాటు రంపలో నిలువలేదు. ఉత్తరమున విశాఖపట్టణపు గూడెం కొండలకును, పడమట భద్రాచలపు రేకపల్లి ప్రాంతమునకును ప్రాకెను. రేకపల్లి అంతకు ఐదేండ్లముందే, 1874లో, మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానికి మారెను. ఈ మార్పువెంట పోడుపై పన్ను పెరిగెను, అడవిపై ఆంక్షలు వచ్చెను. ఒక్క సరిహద్దు మార్పు ఇటు ప్రజల ఆగ్రహమునకును, అటు మన పత్రముల చెదరుటకును కారణమైనది. భద్రాచలమును గూర్చి ఈ లెక్క చూడుడు. 1860 వరకు నిజాము రాజ్యము. పిదప మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లా, దానికి కేంద్రము సిరొంచ. 1874నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లా, 1925లో విభజన జరిగిన పిమ్మట తూర్పు గోదావరి. 1959లో ఖమ్మము జిల్లా. 2014లో పోలవరపు ముంపు మండలములు ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి, భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచెను. కావున 1865లో భద్రాచలమున జరిగిన హత్యకు నాగపూరు వైపును, 1885 నాటి హత్యకు మద్రాసు వైపును చూడవలెను. ఊరు కదలలేదు, కచేరీయే కదలినది. నూగూరు, ఆల్బాక, చర్ల మరియొక విధముగా, 1909లో, మధ్యపరగణాలనుండి మద్రాసునకు వచ్చినవి. కోరాపుట్టు 1936లో ఒరిస్సాకు పోయెను. ఒక ఊరిని గూర్చి పని మొదలుపెట్టుటకు ముందు దాని పాలనాజాతకమును ఒక కాగితముపై ఇట్లు వ్రాసికొనక పోయిన విద్యార్థిని మేము రికార్డుగదికి పంపుటలేదు.

ఇక మా విద్యార్థి వెదకిన 1922 సంగతి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దళము దాడిచేసి ఆయుధములను కొనిపోయెను. మూడు దినములు, మూడు ఠాణాలు. మొదటి రెండును విశాఖపట్టణము జిల్లాలోనివి, మూడవది గోదావరి జిల్లాలోనిది. రాజవొమ్మంగిలో నిర్బంధమున నున్న వీరయ్య దొరను విడిపించిరి. అతనిని గూర్చిన పూర్వపు కాగితము గోదావరివైపు వెదకవలసినది కాని చింతపల్లివైపు కాదు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరముల దాడులును గోదావరివైపువే. దీనికితోడు 1920లో గంజాము, విశాఖ, గోదావరి ఏజన్సీలను మూడింటిని కలిపి ఒక ఏజన్సీ కమీషనరు క్రింద ఉంచిరి. 1923లో ఆ పదవి రద్దయ్యెను. పితూరీ మొదలైనప్పుడు ఒక యేర్పాటు, నడుచుచుండగా మరియొక యేర్పాటు, 1924లో రూథర్‌ఫర్డు ప్రత్యేక కమీషనరుగా వచ్చిన పిమ్మట వేరొక యేర్పాటు. ఒకే ముద్దాయి కాగితము ఈ మూడు చేతులు మారియుండవచ్చును. జిల్లానుండి మద్రాసుకు పోయిన ప్రతులు ఎగ్మూరులోని రికార్డు ఆఫీసున, అనగా 1973నుండి తమిళనాడు పురాభిలేఖాలయముగా పిలువబడు చోట, వెదకవలెను. అందును బహిరంగ శాఖల ఉత్తరువులు వేరు, అండరు సెక్రటరీ ఇనుపపెట్టెలో దాచిన రహస్య ఫైళ్లు వేరు. రెంటిని చూడక 1922ను గూర్చి వ్రాయుట సాహసము. 2022లో చింతపల్లియు రాజవొమ్మంగియు నూతనముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరగా, కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాకు పోయెను. రాబోవు విద్యార్థులకు ఇది మరియొక మెలిక.

సూచికలలో వెదకుట తెలుగు శాఖవారికి తగిన పని యని మా నమ్మకము. ఎందుకనగా అచ్చట చిక్కు భాషలో నున్నది. కొండవారి తిరుగుబాటును ఏజన్సీ కచేరీలు పితూరీ యనినవి. పారసీకముద్వారా వచ్చిన ఈ మాట ఆంగ్ల ఫైళ్లలోను అట్లే నిలిచినది. అదే సంఘటన మద్రాసు సూచికలో అలజడి క్రింద, పోలీసు వార్షిక నివేదికలో బందిపోటు క్రింద ఉండవచ్చును. పితూరీ యన్న చోట మాత్రమే వెదకువాడు మూడింట ఒక వంతు చూచినవాడు. దొర యను శబ్దము మరింత మోసకారి. అది ముఠాదారునకు గౌరవవాచకము, కొండదొర జాతివానికి పేరులో భాగము, తెల్ల అధికారికి సంబోధనము. వాక్మూలమున దొర వచ్చెనని యున్నచో, వచ్చినది గంటందొరయో పోలీసు దొరయో తేల్చుకొనక వాక్యము వ్రాయరాదు. మునిషీ తెలుగులో వ్రాసికొనిన వాక్మూలమును ఆంగ్లమున సంగ్రహించి పైకి పంపినప్పుడు ఈ భేదములు చాలవరకు నశించినవి. ఆంగ్లప్రతి దొరికినంతనే తృప్తిపడక, తెలుగు మూలము క్రింది కచేరీలో నిలిచినదేమో యని విచారించుట అవసరము.

ఠాణా కాగితములను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. దినచర్య పుస్తకములు, మొదటి సమాచార పత్రములు గడువు తీరిన వెనుక తగులబెట్టబడినవి. రికార్డులను ధ్వంసము చేయుటకు 1917లో ప్రత్యేక చట్టమే కలదు. తీర్పులును రిజిష్టర్లును వీనికంటె ఎక్కువకాలము బ్రతుకును. విచారణస్థానమే తెలియనప్పుడు వెనుకనుండి నడచుట మంచిది. జైలు రిజిష్టరులో ఖైదీ పేరు, ఊరు, శిక్షతోపాటు శిక్ష విధించిన న్యాయస్థానము కూడ నమోదగును. రాజమహేంద్రవరపు జైలునుండి ఏజంటు కచేరీకి దారి పట్టవచ్చును. ఉరిశిక్షయైనచో అది స్థిరపడుటకు మద్రాసు హైకోర్టునకు పోవలసినదే గనుక, క్రింది కచేరీలో ప్రతి నశించినను పైన మిగిలియుండు అవకాశము కలదు. 1954లో ఆంధ్రకు ప్రత్యేక హైకోర్టు ఏర్పడక పూర్వపు కేసులకు మద్రాసే గతి.

ఇంతయు చేసినను కొన్నింటికి కాగితము దొరకదు, ఏలయన పుట్టలేదు. చెంద్రయ్య 1880 ఫిబ్రవరిలో జంపా పండయ్య చేత హతుడయ్యెను, తమ్మన్న దొర ఆ యేడే పోలీసుల కాల్పులలో మరణించెను. వారిపై న్యాయస్థానపు తీర్పు లేదు. సీతారామరాజును 1924 మే 7న పట్టుకొని కాల్చిరి. పారిపోవ యత్నించుటచే కాల్చితిమని ప్రభుత్వము చెప్పినది. విచారణ జరుగలేదు గనుక ఆయన తన వాదమును న్యాయాధిపతి యెదుట వినిపించిన పత్రమును వెదకుట వృథా. పట్టుబడి శిక్షపొందిన గాం మల్లుదొర వంటివారికి మాత్రము విచారణ కలదు. మల్లుదొర 1952లో లోకసభకు ఎన్నికయ్యెను. నాయకునకు లేని ఫైలు అనుచరునకు కలదు. పత్రములను మాత్రమే నమ్మినచో, లొంగినవారును పట్టుబడినవారును చరిత్రలో పెద్దగా కనబడుదురు, పోరాడి పడిపోయినవారు చిన్నగా కనబడుదురు. ఆనాటి ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల సంచికలను ఫైళ్లప్రక్కన పెట్టి చదువవలెనని మేము పట్టుపట్టుటకు కారణమిదియే.

మా విద్యార్థి పై చెప్పిన పాలనాజాతకము వ్రాసికొని మరల బయలుదేరిరి. ఈమారు రెవెన్యూ కట్టలలో ఒక ముఠాదారు పేరు వారికి దొరకినది. కాని మూడు కాగితములలో మూడు విధములుగ నున్నది: ఒకచోట తండ్రిపేరు లేదు, ఒకచోట ముఠా పేరు వేరు, ఒకచోట ఆంగ్ల లిపిలో అక్షరములు తారుమారు. అతడు ఒక్కడా, ముగ్గురా యని మాకు వ్రాసిరి. తెలుగు వాక్మూలము దొరకువరకు ముగ్గురినిగానే లెక్కింపుడని ప్రత్యుత్తరమిచ్చితిమి.