చేతిలో పనితనం లేదన్నారు: ఎమరీ దంత కళాశాలలో జరిగింది

ప్రతి ఏడూ నీట్ ర్యాంకులు వచ్చే రోజుల్లో మన సంఘం గ్రూపులో ఒక వాదం తప్పకుండా లేస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకుంటూ పెరిగిన మన పిల్లలు పళ్ళ డాక్టర్లుగా పైకి రావాలంటే పుట్టుక అడ్డమా, కాదా అని. "థియరీలో మార్కులు బాగానే ఉన్నాయి, ప్రాక్టికల్‌లో కోసేశారు, ఇంటిపేరు చూసే కోశారు" అని ఒకరు రాస్తారు. "చదవనివాళ్ళకి ఇదొక సాకు" అని ఇంకొకరు జవాబిస్తారు. రెండు రోజులు మాటామాటా పెరుగుతుంది, మూడో రోజు ఎవరో పెళ్ళి శుభలేఖ పెడతారు, అంతటితో చల్లారిపోతుంది.

ఈ ప్రశ్నకి మా దగ్గర తయారుగా ఉన్న తీర్పేమీ లేదు. అయితే ఇదే ప్రశ్న, ఇదే దంతవైద్యంలో, ఒక ఊళ్ళో లెక్కలతో సహా తేలిన సంగతి ఒకటుంది. అది అమెరికాలో, అట్లాంటాలో జరిగింది. మన సభ్యుల పిల్లలు కొందరు ఈరోజు ఉద్యోగాలు చేసుకుంటున్న ఊరే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

అట్లాంటాలో అట్లాంటా-సదరన్ డెంటల్ కాలేజీ అని ఒకటుండేది. 1944లో దాన్ని ఎమరీ విశ్వవిద్యాలయం తనలో కలుపుకుంది. 1948లో జాన్ బ్యూలర్ అనే ఆయన దానికి డీన్‌గా వచ్చాడు, 1961 దాకా ఉన్నాడు. ఈ పదమూడేళ్ళలో ఆ కాలేజీలో చేరిన యూదు విద్యార్థుల్లో నూటికి 65 మందిని ఫెయిల్ చేసి బయటికి పంపారు, లేదా చదివిన ఏడాదే మళ్ళీ చదివించారు. ముగ్గురిలో ఇద్దరన్నమాట. వీళ్ళు దొడ్డిదారిన వచ్చినవాళ్ళు కారు. మిగతావాళ్ళలాగే దరఖాస్తు పెట్టి, ఎంపికై వచ్చినవాళ్ళు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తలుపు మూసేయడం వేరు, తలుపు తీసి లోపలికి పిలిచి తరవాత బయటికి నెట్టడం వేరు. న్యూయార్కులో మొదటి రకం జరగబోయింది. అక్కడి కొలంబియా, న్యూయార్క్ విశ్వవిద్యాలయాల దంత కళాశాలల్లో ఒకే జాతివాళ్ళు ఎక్కువైపోతున్నారని, దానికి హద్దు పెట్టుకోవాలని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ విద్యామండలి కార్యదర్శి హార్లాన్ హార్నర్ సూచించాడు. 1945లో ఆ సంగతి బయటికి పొక్కి పెద్ద గొడవైంది. కాగితం మీద రాసినదాన్ని పట్టుకోవచ్చు, పత్రికలో వేయొచ్చు. ఎమరీలో జరిగినదానికి అలాంటి కాగితం లేదు. ఉన్నవల్లా మార్కులే.

పళ్ళ డాక్టరు చదువు సంగతి తెలిసినవాళ్ళకి కిటుకు వెంటనే అర్థమవుతుంది. ఆ చదువులో పెద్ద భాగం చేతిపని. మైనంతో పన్ను చెక్కాలి, అచ్చు తీయాలి, గుంట తొలిచి నింపాలి, కట్టుడు పళ్ళు అమర్చాలి. రాతపరీక్ష పేపరు ఇంకొకరితో దిద్దించవచ్చు. మైనం పన్ను అలా కాదు. బల్ల దగ్గర నిలబడిన మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "బాగా లేదు" అంటే బాగా లేనట్టే. ఆ మాటకి అప్పీలు లేదు. ఎమరీ నుంచి బయటికి పోయినవాళ్ళు తరవాత చెప్పిన జ్ఞాపకాల్లో అదే మాట వినిపిస్తుంది. యూదులకి దంతవైద్యం ఎందుకు, మీ చేతుల్లో ఆ పనితనం లేదు అని తమ మొహం మీదే అన్నారని.

"చేతుల్లో లేదు" అన్న ఈ మాటని మేము తేలిగ్గా వదిలిపెట్టలేం. ఎందుకంటే మన మదరాసులో ఇదే మాటని తలకిందులుగా విన్నాం. పాత తరంవాళ్ళకి పన్ను నొప్పి వస్తే చైనా పళ్ళ డాక్టరు దగ్గరికే పోయేవారు. "చైనావాడి చేతిలో ఆ పని ఉంది, వాళ్ళ రక్తంలోనే ఉంది" అనేవారు. రక్తంలో ఏమీ లేదు. మన దేశానికొచ్చి స్థిరపడ్డ చైనావాళ్ళలో ఒక్కో ప్రాంతంవాళ్ళు ఒక్కో పని పట్టుకున్నారు. కలకత్తాలో హక్కావాళ్ళు తోళ్ళ పని, చెప్పుల పని, కాంటన్‌వాళ్ళు వడ్రంగం, హుబే ప్రాంతంవాళ్ళు పళ్ళ పని. తండ్రి దగ్గర కొడుకు, మామ దగ్గర అల్లుడు చిన్నప్పటి నుంచీ కూర్చుని నేర్చుకున్నారు. పదేళ్ళ వయసు నుంచి అచ్చులు పోస్తే ఎవరి చేతికైనా పని వస్తుంది, మన తిరువళ్ళూరు పిల్లవాడి చేతికైనా సరే. 1948లో మన ప్రభుత్వం దంతవైద్యుల చట్టం తెచ్చినప్పుడు పట్టా ఉన్నవాళ్ళకి ఒక జాబితా, పట్టా లేకపోయినా కొన్నేళ్ళుగా అదే బతుకుతెరువుగా ఉన్నవాళ్ళకి ఇంకో జాబితా పెట్టింది. ఆ రెండో తలుపు లేకపోతే ఆ "రక్తంలోని పనితనం" ఏమయ్యేదో! 1962 యుద్ధం వచ్చేసరికి ఆ రక్తమే వాళ్ళకి శాపమైంది. చైనా సంతతివాళ్ళని మూడు వేల మంది దాకా రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తీసుకుపోయారు. పన్ను పీకించుకోవడానికి పనికొచ్చిన పుట్టుకే శత్రువు గుర్తయింది. సరే, అది ఇంకో రోజు రాయాల్సిన కథ.

అట్లాంటాకి వద్దాం. యూదుల చేతుల్లో పని లేదన్నది నిజమో అబద్ధమో తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. అవే చేతులు వేరే చోట ఏం చేశాయో చూడడం. పెరీ బ్రిక్‌మన్ అనే కుర్రవాడు టెనెసీ రాష్ట్రంలోని చాటనూగా నుంచి వచ్చి ఎమరీలోనే చదివి, 1951లో అక్కడే దంత కళాశాలలో చేరాడు. 1952 వేసవిలో ఇంటికి ఉత్తరం వచ్చింది, ఫెయిలయ్యావు, ఇక రానక్కర్లేదని. అతను టెనెసీ విశ్వవిద్యాలయంలో దంతవైద్యంలో మళ్ళీ మొదటి నుంచి చేరాడు. అక్కడ తన తరగతిలో నాలుగోవాడిగా నిలిచి పట్టా తీసుకున్నాడు. తరవాత అదే అట్లాంటాకి తిరిగొచ్చి నోటి శస్త్రచికిత్స నిపుణుడిగా నలభై ఏళ్ళకి పైగా పని చేశాడు. బయటికి పంపినవాళ్ళలో ఇంకొందరు వేరే కాలేజీల్లో దంతవైద్యులయ్యారు, కొందరు వైద్యులో లాయర్లో అయ్యారు. మనిషి అతనే, చేతులు అవే. మారింది మార్కులు వేసే కలం ఒక్కటే.

అసలు తలుపే తీయనివాళ్ళ సంగతి కూడా చెప్పుకోకపోతే ఈ కథ ఒంటికాలి మీద నిలబడుతుంది. ఆ పదమూడేళ్ళూ నల్లజాతి విద్యార్థికి ఎమరీలో ఫెయిలయ్యే అవకాశం కూడా లేదు, ఎందుకంటే చేర్చుకోలేదు. తెల్లవాళ్ళతో పాటు వాళ్ళని చేర్చుకుంటే విశ్వవిద్యాలయానికి పన్ను మినహాయింపు పోతుందన్న జార్జియా నిబంధన మీద ఎమరీయే కోర్టుకెక్కి, 1962లో గెలిచాకే దారి తెరుచుకుంది. అంతకు చాలా ముందు, 1869లోనే రాబర్ట్ ఫ్రీమన్ హార్వర్డ్‌లో దంతవైద్య పట్టా తీసుకున్నాడు. మరుసటి ఏడు జార్జ్ ఫ్రాంక్లిన్ గ్రాంట్ తీసుకుని, తరవాత అక్కడే పాఠాలు చెప్పాడు. గోల్ఫ్ బంతిని నిలబెట్టే కొయ్య పుల్లకి 1899లో పేటెంటు తీసుకున్నది కూడా ఈ పళ్ళ డాక్టరే. అంటే చేతుల సంగతి 1870 నాటికే తేలిపోయింది. అయినా నల్లజాతి దంతవైద్యుల్లో ఎక్కువమంది హోవర్డ్, మెహారీ అనే రెండు కాలేజీల నుంచే రావాల్సి వచ్చింది. సభ్యత్వంలో చూపిన వివక్షని 1965కి ముందు గట్టిగా ఎదిరించనందుకు అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2010లో క్షమాపణ చెప్పింది. ఆ ఉత్తరం రాసిన అధ్యక్షుడు రేమండ్ గిస్ట్ ఆ పదవికి వచ్చిన మొదటి నల్లజాతీయుడు.

మన సంఘానికి అన్నిటికన్నా పనికొచ్చే భాగం ఇప్పుడు వస్తుంది. ఫెయిలైన ఆ పిల్లలు అప్పట్లో ఏం చేశారు? ఏమీ చేయలేదు. ప్రతివాడూ తప్పు తనదే అనుకున్నాడు. తల్లిదండ్రులు కూడా "నువ్వు సరిగ్గా చదవలేదేమో" అన్నారు. పెద్దమనుషులు కదిలించుకోలేదు. వాళ్ళనీ తప్పు పట్టలేం. ఆ ఊరి యూదులకి భయపడే కారణాలు కళ్ళముందే ఉన్నాయి. 1915లో లియో ఫ్రాంక్ అనే యూదు ఫ్యాక్టరీ మేనేజరుని జైలు నుంచి ఎత్తుకుపోయి ఉరి తీశారు. 1958 అక్టోబరులో వాళ్ళ ప్రార్థనాలయం మీద బాంబు పడింది. దుకాణాలు పెట్టుకుని, ఇరుగుపొరుగుతో మంచిగా ఉంటూ తరాలుగా స్థిరపడినవాళ్ళు. వచ్చిన చోట గొడవ దేనికి అన్న ఆలోచన మనకి కొత్తా? మన ఇళ్ళలో ఎన్నిసార్లు వినలేదు?

ఆ మౌనాన్ని కదిల్చింది ఆవేశం కాదు, లెక్క. యాంటీ డిఫమేషన్ లీగ్ అనే యూదు హక్కుల సంస్థకి అట్లాంటాలో ఆర్థర్ లెవిన్ అనే అధికారి ఉండేవాడు. ఎవరి బాధనో ఒక్కదాన్ని పట్టుకుని ఊరేగకుండా, ఏ ఏడు ఎంతమంది చేరారు, ఎంతమంది పోయారు, ఎంతమంది మళ్ళీ చదివారు అని సేకరించి గీతలు గీశాడు. ఒక్కొక్కడి కథగా చూస్తే "చదవలేదేమో" అనిపించేది, వరసగా పేర్చేసరికి ఇంకోలా కనిపించింది. పైగా దంత కళాశాల దరఖాస్తులో నువ్వు తెల్లవాడివా, యూదువా, ఇతరుడివా అని అడిగే గడి కూడా దొరికింది. విశ్వవిద్యాలయం వివక్ష ఏమీ లేదంది. 1961లో బ్యూలర్ రాజీనామా చేశాడు, దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. అంతటితో ఫైలు మూతపడింది. ఫెయిలైనవాళ్ళ పేరు మీది మచ్చ మాత్రం అలాగే ఉండిపోయింది.

నలభై అయిదేళ్ళు గడిచాయి. 2006లో ఎమరీలో యూదు అధ్యయనాలకి ముప్ఫై ఏళ్ళు నిండాయని ఒక ప్రదర్శన పెట్టారు. ఎరిక్ గోల్డ్‌స్టైన్ అనే చరిత్రకారుడు అందులో లెవిన్ పట్టికని ఉంచాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళలో బ్రిక్‌మన్ ఒకడు. తన బతుకు ఒక గీతలో ఉందని అప్పుడు తెలిసింది అతనికి. ఆ తరవాత చిన్న కెమెరా పట్టుకుని దేశమంతా తిరిగి, తనలాగే బయటికి పోయినవాళ్ళని వెతికి మాట్లాడించాడు. కొందరు యాభై ఏళ్ళ కాపురంలో భార్యకి కూడా చెప్పలేదు. పిల్లలకి అసలే తెలియదు. ఆ రికార్డింగులన్నీ విశ్వవిద్యాలయం ముందు పెట్టాడు. వాటితో ఒక డాక్యుమెంటరీ తయారైంది. 2012 అక్టోబరు 10న ఆ పెద్దవాళ్ళని కుటుంబాలతో సహా పిలిచి, ఆ సినిమా చూపించి, ఎమరీ అధ్యక్షుడు జేమ్స్ వాగ్నర్ క్షమాపణ చెప్పాడు. అప్పటికి కొందరు పోయారు. వాళ్ళ తరఫున పిల్లలు వచ్చారు.

ఇంతకీ మన వాదం సంగతి. ఎమరీలో జరిగింది కాబట్టి మన దగ్గరా జరుగుతోందని అనేస్తే అది తప్పు. మన పిల్లవాడు ఫెయిలవడానికి వంద కారణాలుంటాయి. మామూలుగా చూస్తే ఇంటిపేరు కన్నా ప్రైవేటు కాలేజీ ఫీజే పెద్ద గోడ, ఆ తరవాత సొంత క్లినిక్కుకి కావలసిన పెట్టుబడి. పైగా పుట్టుక మనకి కలిసొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కొత్తగా బోర్డు పెట్టిన తెలుగు పళ్ళ డాక్టరు దగ్గరికి మొదటి ఆరు నెలలు వచ్చేది మనవాళ్ళే కదా. అది చెప్పకుండా నష్టం ఒక్కటే చెప్పడం న్యాయం కాదు.

అలాగని "అదంతా సాకు" అని కొట్టిపారేయడమూ కుదరదు. 2002లో సుప్రీంకోర్టు పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం టీఎంఏ పాయ్ కేసులో, భాషా అల్పసంఖ్యాకులు ఎవరన్నది రాష్ట్రాన్ని బట్టే చూడాలని చెప్పింది. ఆ లెక్కన తమిళనాడులో, కర్ణాటకలో, ఒడిశాలో, మహారాష్ట్రలో మనం అల్పసంఖ్యాకులమే. ఊరంతా తెలుగు మాట్లాడుకునే యానాంవాళ్ళు కూడా పుదుచ్చేరి మొత్తం లెక్కలో తక్కువే. తక్కువమంది ఉన్న చోట ఒక్కొక్కరి గోడు ఒక్కొక్కరి ఇంట్లోనే ఉండిపోతుంది. లెవిన్ లాంటివాడు వచ్చి కలిపి చూసేదాకా దాని ఆకారం తెలియదు. కలిపి చూశాక ఏమీ లేదని తేలవచ్చు కూడా. అదీ మనకి తెలియాల్సిందే.

అందుకని కార్యవర్గంతో మాట్లాడి సంఘం కార్యాలయంలో ఒక రిజిస్టరు తెరిచాం. పేరు రాయనక్కర్లేదు. చేరిన ఏడు, ఏ కోర్సు, థియరీలో ఎన్ని, ప్రాక్టికల్‌లో ఎన్ని, ఎన్నిసార్లు మళ్ళీ రాశారు, అదే తరగతిలో మిగతావాళ్ళకి సుమారుగా ఎన్ని వచ్చాయి. పాసైనవాళ్ళవి కూడా కావాలి, బాగా పాసైనవాళ్ళవి మరీ కావాలి. ఫెయిలైనవే పోగేస్తే అది లెక్క కాదు, ఏడుపు. పాత మార్కుల కాగితాలు బీరువాలో ఉన్నవాళ్ళు, ముప్ఫై నలభై ఏళ్ళ నాటివైనా సరే, ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు మధ్య తీసుకురండి. జిరాక్సు తీసుకుని అసలు కాగితం అప్పుడే ఇచ్చేస్తాం.