మారిషస్ ఆంధ్రులు

హిందూ మహాసముద్రమున మడగాస్కరునకు తూర్పుగా నున్న మారిషస్ ద్వీపరాజ్యమునందు, పంతొమ్మిదవ శతాబ్దిలో చెరకుతోటల పనికై ఓడలెక్కి పోయిన తెలుగు కూలీల సంతతివారు మారిషస్ ఆంధ్రులు. ఇట్టి వలసయే మదరాసు ఓడలపై కొందరు తెలుగువారిని ట్రినిడాడు, గయానాలవంటి కరీబియను దేశములకును చేర్చినది గాని, అచ్చట వారు తమిళులతోడ మదరాసీలను ఒక్క పేరున కలసిపోగా, మారిషస్సునందు మాత్రము తమ ఉనికిని వేరుగా నిలుపుకొనగలిగిరి.

ఈ దీవిలో 1638లో నివాస మేర్పరచుకొని 1710లో విడిచిపోయిన డచ్చివారు, పాలకొల్లులో వర్తకశాల నడపి గోదావరి సీమ గుడ్డలను కొనుచుండిన కంపెనీవారే. తరువాత ఫ్రెంచివారు ఏలిరి. 1810లో దీవి ఆంగ్లేయుల వశమయ్యెను.

1835 ఫిబ్రవరిలో బానిసత్వము రద్దగుటతో తోటల యజమానులకు పనివారి కొరత యేర్పడెను. అంతకు కొలది నెలల ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అను ఓడ కలకత్తానుండి 36 మంది కూలీలను పోర్టులూయీ రేవున దింపినది. అదే కాలమున తెలుగు తీరము దుర్దశయం దుండెను. 1832–33 సంవత్సరముల డొక్కల కరువు గుంటూరు సీమను పాడుచేసెను. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో గాని మొదలు కాలేదు, 1852లో గాని ముగియలేదు. నీరు కట్టుబడిలేని గోదావరి మండలమున వరదయు, అనావృష్టియు రైతును వంతులవారీగా పీడించుచుండెను. ఈ ప్రజకు దగ్గరి రేవు, గౌతమీ ముఖద్వారముచెంత ఓడల నిర్మాణమునకు పేరుగన్న కోరంగి. ఆ రేవునుండి పోయినవారగుటచే తెలుగువారికి మారిషస్సులో కోరంగీలను వాడుక కలిగెను. 1839 నవంబరు తుపానులో సముద్రము పొంగి కోరంగి ధ్వంసమయ్యెను. కూలీల బాధలను గూర్చి ఆందోళన చెలరేగుటచే ఆ యేటనే నిలిపివేయబడిన వలస 1842లో మరల అనుమతింపబడెను. ఐదేండ్ల ఒడంబడికయు, పురుషునకు నెలకు ఐదు రూపాయల జీతమును, తిండిగింజలును సాధారణ నియమములు. భారతదేశమునుండి మొత్తము నాలుగున్నర లక్షల మందికి పైగా ఈ దీవి చేరిరి. వారు దిగిన పోర్టులూయీలోని ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను.

ఒడంబడిక కూలీ పద్ధతి ఇరువదవ శతాబ్ది తొలిభాగమున అంతరించెను.

నేడు ఇంటిభాష క్రియోల్. తెలుగు ప్రధానముగా పూజలో, పాటలో, బడిలో నిలిచియున్నది. దీపపు సెమ్మె చుట్టును తిరుగుచు పాడెడి రామభజనము, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ తరతరములుగా శ్రద్ధతో సాగుచున్నవి. ఈ కడపటి పూజనుబట్టి విశాఖ, గంజాము ప్రాంతములవారును ఈ వలసలో గణనీయముగా నుండిరని ఊహింపవచ్చును. పుస్తకములు లేక, పండితులు లేక, పగలెల్ల చెరకు నరికి వచ్చిన జనులు ఈ సంప్రదాయమును కంఠస్థముగా కాపాడుట మిక్కిలి ప్రశంసనీయము. 1947లో స్థాపితమైన మారిషస్ ఆంధ్ర మహాసభ వీరి ప్రధాన సంస్థ. 1968 మార్చి 12న స్వతంత్రమైన ఈ దేశమున ఉగాది ప్రభుత్వ సెలవుదినము. తృతీయ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఇచ్చటనే జరిగినవి. 1970లో మోకాలో నెలకొల్పబడిన మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు బోధింపబడుచున్నది. వలసకూలీల పట్టికలు, ఛాయాచిత్రములు ఆ సంస్థలోనే భద్రపరుపబడియున్నవి. దీవికి పోయి మరలిరాని పూర్వుల జాడ తెలియగోరు గోదావరి మండల కుటుంబములవారు అచ్చట విచారింపవలెను.